పార్టు కొనేముందు బండి నంబరు చదువు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, నేను టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాను. మా వీధి చివర ఉండే ఒక రిటైరైన పెద్దాయన గరాజ్‌లో ఇరవై ఏళ్లుగా కవర్ కింద పడి ఉన్న 1972 ఎంజీబీ రోడ్‌స్టర్‌ని పోయిన నవంబరులో కొన్నాను. ఇంజన్ చేత్తో తిప్పితే తిరుగుతోంది కానీ స్టార్ట్ కావట్లేదు. నెట్‌లో ఫ్రీగా దొరికిన మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకుని కార్బ్యురేటర్లు విప్పాను. పుస్తకంలో బొమ్మకీ నా చేతిలో ఉన్నదానికీ పోలికే లేదు. తెప్పించిన రిపేర్ కిట్ కూడా సరిపోలేదు, కవర్ చింపేశావు కాబట్టి వాపసు తీసుకోం అన్నారు. ఏ మాన్యువల్ నమ్మాలి? పార్ట్స్ ఎవరి దగ్గర కొనాలి? ఇంకొకటి, మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు అంబాసిడర్లు బాగుచేశారు. "అది మన అంబాసిడర్ ఇంజనేరా, సామాను ఇక్కణ్నుంచి పంపిస్తా" అంటున్నారు. పంపమననా, వద్దననా?

సమాధానం: తమ్ముడూ, ముందుగా టెన్షన్ పడకు. పాత స్పోర్ట్స్ కారు మొదటిసారి బాగుచేసేవాడికి ఎంజీబీ కంటే మంచి బండి దొరకడం కష్టం. ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారుచేశారు, వాటిలో సగానికి పైగా అమెరికాకే వచ్చాయి. ఫ్యాక్టరీ 1980లో మూతపడినా దీని సామాను తయారీ ఆగలేదు. బాడీ మొత్తాన్ని కొత్తది కొనుక్కోవచ్చు, ఎంత పాత బండ్లకు ఆ సదుపాయం ఉంది చెప్పు? కాబట్టి నీకు పార్ట్స్ దొరక్కపోవడం అనే కష్టం రాదు. నీకొచ్చే కష్టం దానికి తిరగేసి ఉంటుంది, అన్నీ దొరుకుతాయి, మంచివీ చెడ్డవీ కలిసి, నీ బండివీ పక్క ఏడాది బండివీ కలిసి, అన్నిటి మీదా "ఎంజీబీ" అనే రాసి ఉంటుంది. నీ కార్బ్యురేటర్ కిట్ దగ్గర జరిగింది అదే.

నీ బండి మీద ఉండాల్సినవి ఎస్‌యూ కంపెనీ హెచ్‌ఐఎఫ్4 కార్బ్యురేటర్లు, రెండు. అమెరికాకు పంపిన బండ్లకి 1972 మోడల్ నుంచి అవే వచ్చాయి. అంతకుముందు అన్ని ఏళ్లూ హెచ్ఎస్4 రకం. పాత రకానికి పెట్రోల్ నిలిచే ఫ్లోట్ చాంబర్ పక్కన విడి డబ్బాలాగా వేలాడుతుంది. కొత్త రకానికి అది కార్బ్యురేటర్ బాడీలోనే, కింది భాగంలో దాగి ఉంటుంది, అడుగున నాలుగు స్క్రూల మూత విప్పితేనే ఫ్లోట్ కనిపిస్తుంది. నువ్వు దించుకున్న మాన్యువల్ పాత ఎడిషన్ అయ్యుంటుంది, దాన్ని చూసి పాత రకం కిట్ తెప్పించావు. గ్యాస్కెట్లు, ఫ్లోట్, నీడిల్ వాల్వు, ఏదీ కుదరదు. నీ తప్పేం లేదు, నువ్వు అడిగింది "ఎంజీబీ కిట్", వాళ్లిచ్చిందీ ఎంజీబీ కిట్టే. ఇకమీదట ఆ మాట అడగడం మానేయాలి, నేను ఈ ఉత్తరంలో నీకు చెప్పదలుచుకున్నదంతా దాని గురించే.

ఈ రాత్రే టార్చ్‌లైటు పట్టుకుని బండి దగ్గరికెళ్లు. డ్యాష్‌బోర్డు మీద ఎడమ మూల, అద్దంలోంచి కనిపించేలా చిన్న ప్లేటు మీద బండి నంబరు ఉంటుంది. అది జీహెచ్ఎన్5యూసీ అని మొదలవ్వాలి. జీ అంటే ఎంజీ, హెచ్ అంటే 1400 నుంచి 1999 సీసీ మధ్య ఇంజన్, ఎన్ అంటే రెండు సీట్ల ఓపెన్ బండి (పైకప్పు ఉన్న జీటీకి ఆ చోట డీ ఉంటుంది), 5 అంటే సిరీస్, యూ అంటే అమెరికా కోసం చేసింది, చివరి సీ అంటే 1972 మోడల్. సీ బదులు బీ ఉంటే అది 1971ది, డీ ఉంటే 1973ది. టైటిల్ కాగితం (బండి ఎవరిదో చెప్పే పత్రం) మీద ఉన్న సంవత్సరాన్ని నమ్మకు, బండి షోరూంలో పడి ఉండి ఆలస్యంగా అమ్ముడైతే అమ్మిన ఏడాదే కాగితం మీదకి ఎక్కిన బండ్లు చాలా ఉన్నాయి. ఆ అక్షరాల తర్వాత వచ్చే అంకెలు ఇంకా ముఖ్యం. ఎందుకంటే ఆబింగ్డన్‌లో మార్పులు జనవరి ఒకటో తారీఖున జరిగేవి కావు, ఫలానా నంబరు బండి నుంచి ఫలానా పార్టు మారింది అని వాళ్లు లెక్క రాసుకున్నారు. కంపెనీ పార్ట్స్ లిస్టులో ఆ నంబర్లు అలాగే ఉంటాయి.

తర్వాత బానెట్ తెరువు. ఇంజన్ నంబరు బ్లాకు కుడి పక్కన, ఆల్టర్నేటర్‌కి పైన, రివెట్లు కొట్టిన చిన్న ప్లేటు మీద ఉంటుంది. గ్రీజు, మట్టి తుడిస్తే కనిపిస్తుంది. 1972 బండికి అది 18వి అని మొదలవ్వాలి. 18జీబీ, 18జీకే లాంటివి కనిపిస్తే ఎవరో మధ్యలో పాత ఇంజన్ మార్చారని అర్థం, అప్పుడు ఇంజన్ సామాను ఆ నంబరు ప్రకారం కొనాలి, మిగతా సామాను బండి నంబరు ప్రకారం కొనాలి. ఇరవై ఏళ్లు పడి ఉన్న బండికి అంతకుముందు ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది, ఆ ముప్పై ఏళ్లలో ఎంతమంది చేతులు పడ్డాయో మనకు తెలియదు. గేర్‌బాక్సు, యాక్సిల్, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచేది), అన్నిటి మీదా నంబర్లుంటాయి, అన్నీ ఫోటో తీసి ఒకచోట పెట్టుకో.

ఫ్యాక్టరీ రిజిస్టర్లలో నీ బండి గురించి ఏం రాశారో తెలుసుకోవాలంటే ఇంగ్లండ్‌లో గేడన్ దగ్గర బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది, వాళ్లు ఫీజు తీసుకుని హెరిటేజ్ సర్టిఫికెట్ పంపుతారు. ఏ రోజు తయారైంది, మొదట ఏ రంగు, ఎక్కడికి పంపారు అనేవి అందులో వస్తాయి. అది ఇప్పుడే అర్జంటు కాదు, పెయింట్ రంగు తేల్చుకునే ముందు తెప్పించుకో.

ఇక మాన్యువల్. నా అభిప్రాయం చాలామందికి నచ్చదు కానీ చెప్తాను, రిపేర్ పుస్తకం కంటే ముందు పార్ట్స్ లిస్టు సంపాదించు. కంపెనీ వాళ్లు తమ డీలర్ల కోసం వేసిన పార్ట్స్ కేటలాగ్‌లో ప్రతి భాగాన్నీ విడదీసిన బొమ్మలుంటాయి, ఏ వాషర్ ఏ బోల్టుకి ముందు వస్తుంది, ఏ స్ప్రింగ్ ఎటు తిరిగి ఉంటుంది అన్నీ కనిపిస్తాయి, పక్కనే పార్టు నంబరు, ఏ బండి నంబరు నుంచి ఏ బండి నంబరు వరకు అన్నదీ ఉంటుంది. విప్పేటప్పుడు ఫోటో తీయడం మర్చిపోయినవాణ్ని అదే కాపాడుతుంది. దీనికి రీప్రింట్లు దొరుకుతాయి, నీ ఏడాదిని కవర్ చేసేదో కాదో అడిగి కొను.

రిపేర్ చేయడానికి అసలైన పుస్తకం బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్, ఎంజీకి మాతృసంస్థ) వాళ్ల వర్క్‌షాప్ మాన్యువల్, దాని నంబరు ఏకేడీ3259. దాన్ని చాలాసార్లు మార్చి మార్చి వేశారు, అందుకే నంబరొక్కటే చూస్తే సరిపోదు, ఎడిషన్ కూడా చూడాలి. 1960ల నాటి ఎడిషన్‌లో నీ 18వి ఇంజనూ ఉండదు, నీ కార్బ్యురేటర్లూ ఉండవు. కొనేముందు విషయసూచికలో హెచ్‌ఐఎఫ్ కార్బ్యురేటర్ ఉందా, 18వి ఉందా అని చూడు, ఈ రెండూ ఉంటే అది నీకు పనికొస్తుంది. బ్రూక్‌లాండ్స్ బుక్స్ వాళ్లు కంపెనీ మాన్యువల్స్‌ని రీప్రింట్ చేస్తారు. అమెరికాలో బెంట్లీ పబ్లిషర్స్ 1962 నుంచి 1974 వరకు బండ్లకి ఒకే పెద్ద పుస్తకంగా వేశారు, అందులో వర్క్‌షాప్ మాన్యువల్‌తో పాటు డ్రైవర్ హ్యాండ్‌బుక్, స్పెషల్ ట్యూనింగ్ మాన్యువల్ కూడా కలిపి ఉన్నాయి. అమెరికాలో ఉన్నవాడికి ఒక్క పుస్తకమే కొనే బడ్జెట్ ఉంటే నేను అదే కొనమంటాను.

కంపెనీ మాన్యువల్‌కి ఒక గుణం ఉంది, దాన్ని తెలుసుకుని చదవాలి. అది అప్పటి డీలర్ దగ్గర ట్రైనింగ్ అయిన మెకానిక్కుల కోసం రాసింది. "గేర్‌బాక్స్ దించుము" అని ఒక్క ముక్కలో ముగిస్తుంది. ఎలా దించాలో నీకు తెలుసనే దాని నమ్మకం. పైగా మధ్యమధ్యలో 18జీ అని మొదలయ్యే నంబర్లతో స్పెషల్ టూల్స్ వాడమంటుంది, ఆ 18జీకీ ఇంజన్ నంబరు 18జీకీ ఏ సంబంధమూ లేదు, అది టూల్ నంబరు. ఇది తెలియక నేను ఒక వారం గందరగోళపడ్డాను. హేన్స్ మాన్యువల్ దీనికి పూర్తిగా వేరు. ఇంట్లో చేసుకునేవాడి కోసమే రాసింది, ఒక బండిని నిజంగా విప్పి, బిగించి, ఫోటోలు తీసి వేస్తారు. ఆ ఫోటోలు చాలా ఉపయోగం. కాకపోతే పద్దెనిమిదేళ్ల బండ్లని ఒక పుస్తకంలో సర్దాలి కాబట్టి చాలాచోట్ల ఏ కొలత ఏ ఏడాదిదో వెతుక్కోవాలి. నేనేం చేస్తానంటే, ఎలా చేయాలో హేన్స్‌లో చదువుతాను, ఎంత బిగించాలో కంపెనీ పుస్తకంలో చూస్తాను. రెండింట్లోనూ ఒకే అంకె ఉంటే మారుమాట లేకుండా బిగించెయ్. తేడా వస్తే ఆగు, అక్కడ ఏడాది తేడా ఉంది, లేదా ప్రింటింగ్ తప్పుంది.

ఫ్రీ పీడీఎఫ్‌ల సంగతి. అవి దొంగలు పెట్టినవి అని నేను అనను, చాలావరకు మంచి మనసుతో ఎవరో స్కాన్ చేసి పెట్టినవే. కానీ పేజీలు తప్పిపోయి ఉంటాయి, ఇంగ్లండ్ బండిది అమెరికా బండిదీ కలిసి ఉంటుంది, మొదటి పేజీలో ఎడిషన్ వివరం కత్తిరించేసి ఉంటుంది. ఎడిషన్ తెలియని పుస్తకంలోని టార్క్ అంకెని, అంటే బోల్టు ఎంత బిగించాలో చెప్పేదాన్ని, నేను నమ్మను. వైరింగ్ దగ్గర ఇది ఇంకా ముఖ్యం, అమెరికాలో ఆ రోజుల్లో సేఫ్టీ, పొగ నియమాలు ఏటేటా మారుతుండేవి కాబట్టి వైరింగ్ కూడా ఏటేటా మారింది. నీకు కావలసింది 1972 అమెరికా బండి వైరింగ్ బొమ్మ మాత్రమే, అది పెద్ద సైజులో ప్రింట్ తీయించి గరాజ్ గోడకి అంటించుకో. లూకాస్ (ఈ బండి కరెంటు సామాను చేసిన కంపెనీ) వైర్ల రంగులు ఒకసారి నోటికొస్తే సగం పని అయిపోతుంది, గోధుమ రంగు ఎప్పుడూ కరెంటు ఉండేది, తెలుపు తాళం తిప్పితే కరెంటు వచ్చేది, ఆకుపచ్చ అదే కానీ ఫ్యూజు దాటి వచ్చేది, ఊదా రంగు ఎప్పుడూ కరెంటుండి ఫ్యూజు దాటింది, నలుపు ఎర్త్. ఇంకో జాగ్రత్త, 1967 వరకు వచ్చిన ఎంజీబీలకి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొనని బాడీకి కలపడం), నీదానికి నెగటివ్ ఎర్త్. పాత పుస్తకం చూసి బ్యాటరీ తిరగేసి కలిపావంటే ఆల్టర్నేటర్ పోతుంది. నీ బండికి ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు, సీట్ల వెనక నేలకింద ఉంటాయి, ఆ పెట్టెలు తుప్పు పట్టి ఉంటాయి, అదీ చూసుకో.

ఒక విషయంలో నీకు అమెరికావాళ్ల కంటే సులువు. ఈ పుస్తకాలన్నీ ఇంగ్లండ్ మాటల్లో ఉంటాయి, బానెట్, స్పానర్, సైలెన్సర్, డైనమో, గజన్ పిన్. మా క్లబ్బులో అమెరికన్ మిత్రులు వీటికి అర్థాలు రాసుకున్న కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతారు. మనం చిన్నప్పట్నుంచీ ఈ మాటలే విన్నాం. మనం స్టెప్నీ అంటామే, అది కూడా వేల్స్‌లో స్టెప్నీ పేరుతో అమ్మిన స్పేర్ వీల్ నుంచి వచ్చిందే. ఒక్క మాట దగ్గర మాత్రం జాగ్రత్త, "హుడ్" అంటే అమెరికాలో బానెట్, ఇంగ్లండ్ షాపులో అదే మాటకి పైన కప్పే గుడ్డ టాప్ అని అర్థం. ఇంగ్లండ్ నుంచి తెప్పించుకునేటప్పుడు ఇది కలిసిపోతే ఖర్చు గట్టిగానే తగులుతుంది.

ఇప్పుడు పార్ట్స్. అమెరికాలో మాస్ మోటార్స్ ఉంది, కాలిఫోర్నియాలో 1948లో మొదలైంది, బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల సామానులో వాళ్ల కేటలాగ్ దాదాపు రిఫరెన్సు పుస్తకం లాంటిది, ఏమీ కొనకపోయినా తెప్పించుకుని బొమ్మలు చదువు. ఎస్‌యూ కార్బ్యురేటర్లకి ఇంగ్లండ్‌లో సాల్స్‌బరీలో బర్లెన్ అనే కంపెనీ ఉంది, ఎస్‌యూ పేరు, హక్కులు ఇప్పుడు వాళ్లవే, అసలు కార్బ్యురేటర్లనీ కిట్లనీ ఇప్పటికీ తయారుచేస్తారు. నువ్వు మళ్లీ తెప్పించే కిట్ వాళ్లది అయ్యేలా చూసుకో, అమెరికాలో డీలర్లు అమ్ముతారు. బాడీ ప్యానెళ్లకి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో విట్నీ అనే ఊళ్లో. వాళ్లు పాత ఫ్యాక్టరీ డైలనే (రేకు నొక్కే అచ్చులు) వెతికి పట్టుకుని 1988 నుంచి ఎంజీబీ పూర్తి బాడీలే నొక్కుతున్నారు. తక్కువ ధర ప్యానెళ్లు కూడా మార్కెట్లో ఉన్నాయి, కానీ వాటిని కుదిర్చేందుకు పెయింటర్ చేసే గంటలు లెక్కేస్తే ఆ తేడా అక్కడికక్కడే పోతుంది. ఏ ప్యానెల్ తెచ్చినా సరే, పెయింట్ వేయకముందు బండికి తగిలించి చూడాలి. పెయింట్ వేశాక ఎవరూ వాపసు తీసుకోరు.

నువ్వు వెల్డింగ్ గురించి అడగలేదు, అయినా ఒక్క మాట. డోర్ కింద పొడుగ్గా ఉండే సిల్ అనే భాగం ఎంజీబీకి వెన్నెముక, అది అందానికి పెట్టిన పట్టీ కాదు. అది తుప్పు పట్టి ఉంటే కోసే ముందు డోర్ ఖాళీకి అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డ్ చేయించు, రెండు పక్కలా ఒకేసారి కోయనివ్వకు. లేకపోతే బండి మధ్యలో కుంగుతుంది, తర్వాత డోర్లు పడవు.

ఎవరి దగ్గర కొన్నా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, "ఇది ఎవరు తయారుచేసింది?" అని. షాపు పేరు ఒకటి, తయారీదారు పేరు వేరు. మంచి షాపులో కూడా ఒకే పార్టు రెండు ధరల్లో ఉంటుంది, అంటే ఇద్దరు తయారీదారులు. పెట్టె మీద పాత బ్రాండు పేరు ఉంటే అప్పటి ఫ్యాక్టరీలో చేసిందని అనుకోకు, పాత పేర్లని లైసెన్సు మీద వాడుకునే వాళ్లున్నారు. ఒరిజినలా డూప్లికేటా అని మన ఆటోనగర్‌లో కొట్టువాణ్ని మొహమాటం లేకుండా అడుగుతామే, ఇక్కడ ఫోన్లో కూడా అలాగే అడుగు. చెప్పగలిగినవాడు చెప్తాడు. తెలియదన్నవాడి దగ్గర బ్రేకులు, స్టీరింగ్, పెట్రోల్‌కి సంబంధించింది ఏదీ కొనకు.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. నాది 1974 రోడ్‌స్టర్. మొదటిసారి పూర్తిగా సర్వీస్ చేసినప్పుడు డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు, కండెన్సర్, క్యాప్, రోటర్ ఆర్మ్ అన్నీ కొత్తవి వేశాను, ఒక ఆన్‌లైన్ షాపులో సెట్టుగా తక్కువ ధరకి దొరికాయి. మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరాను, పదిహేను మైళ్లు బ్రహ్మాండంగా నడిచింది, ఆ తర్వాత స్విచ్ కట్టేసినట్టు ఇంజన్ ఆగిపోయింది. హైవే పక్కన, ఎండలో. పెట్రోల్ వస్తోంది, కాయిల్ దగ్గర స్పార్క్ ఉంది, ప్లగ్గుల దగ్గర లేదు. రెండు గంటలు చూశాక దొరికింది, కొత్త రోటర్ ఆర్మ్. పైనుండే ఇత్తడి ముక్కని పట్టి ఉంచే రివెట్ ప్లాస్టిక్‌లోకి లోతుగా దిగి ఉంది, స్పార్క్ ప్లగ్గుకి పోకుండా ఆ రివెట్ గుండా కింది షాఫ్ట్‌లోకి దూకుతోంది. విప్పేసిన పాత రోటర్ ఆర్మ్ గుడ్డలో చుట్టి గ్లవ్‌బాక్స్‌లో పెట్టాను కాబట్టి ఇంటికొచ్చాం. అప్పట్నుంచి రివెట్ లేకుండా చేసే రోటర్ ఆర్మే వాడుతున్నాను, ఎంజీ వాళ్లని ఎవర్ని అడిగినా చెప్తారు. నీ బండికి లూకాస్ 25డీ4 డిస్ట్రిబ్యూటర్ ఉండాలి, తర్వాత వచ్చిన 45డీ4 రకం రోటర్ దానికి పట్టదు, డిస్ట్రిబ్యూటర్ పక్కన చెక్కిన నంబరు చూసి కొను.

అందుకే చెప్తున్నాను, కొత్త పార్టు వేసి, బండి నడిచి, కనీసం వెయ్యి మైళ్లు తిరిగేవరకు పాతది పారేయకు. విరిగిపోయినా సరే. కొత్తది చేతికి రాగానే రెండూ పక్కపక్కన పెట్టి చూడు, బరువు చూడు, వెర్నియర్‌తో కొలువు, బోల్టు రంధ్రాల మధ్య దూరం చూడు. దీని బోల్టులు ఎక్కువగా యూఎన్ఎఫ్ మరలవి, అంగుళాల స్పానర్లు కావాలి, మెట్రిక్ స్పానర్ దాదాపు పట్టినట్టే ఉంటుంది, బోల్టు తలని గుండ్రంగా చేసేస్తుంది. కవర్ చింపే ముందే పార్టు నంబరు సరిచూసుకోవాలన్నది నీకు ఇప్పటికే అనుభవమైంది. స్టార్టర్, ఆల్టర్నేటర్ లాంటివాటికి పాతది వాపసిస్తే తిరిగిచ్చే కోర్ డిపాజిట్ ఉంటుంది, ఆ డబ్బు కోసం తొందరపడి పాతది పంపేయకు, ముందు కొత్తది పనిచేయనీ. వీలైతే పాతదాన్నే రీబిల్డ్ చేయించు. యాభై ఏళ్ల కిందటి ఇనుము మంచిది, దాంట్లో అరిగిపోయేవి బుష్‌లు, బేరింగ్‌లు, రబ్బర్లు మాత్రమే.

పార్టు నంబర్ల గురించి కొంచెం. పాత ఫ్యాక్టరీ నంబర్లు ఏహెచ్‌హెచ్, బీహెచ్‌హెచ్, 12హెచ్ అని మొదలవుతాయి. తర్వాత యూనిపార్ట్ (కంపెనీ స్పేర్ పార్ట్స్ విభాగం) కాలంలో చాలావాటికి జీతో మొదలయ్యే నంబర్లు వచ్చాయి, జీడబ్ల్యూపీ అంటే వాటర్ పంపు, జీఆర్‌హెచ్ అంటే రేడియేటర్ హోస్, జీఎఫ్‌బీ అంటే ఫ్యాన్ బెల్టు. అన్ని షాపులకీ ఈ నంబర్లు అర్థమవుతాయి. కాబట్టి కొట్టువాడికి "1972 ఎంజీబీకి కావాలి" అని చెప్పకు, పార్ట్స్ లిస్టులో నీ బండి నంబరుకి ఎదురుగా ఉన్న నంబరు చెప్పు, వాడు వేరే నంబరు చెప్తే ఎందుకు మారిందని అడుగు. కొన్నిసార్లు నిజంగానే పాత నంబరు పోయి కొత్త నంబరు వచ్చి ఉంటుంది, ఆ మాట వాడి నోటితో చెప్పించుకో.

రబ్బర్ల దగ్గర కక్కుర్తి పడొద్దు. ఇరవై ఏళ్లు పడి ఉన్న బండిలో రబ్బరన్నది ఏదీ నమ్మదగ్గది కాదు. ఇప్పుడు బంకుల్లో పోసేది పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, పాత రకం రబ్బరు గొట్టాలని అది లోపల్నుంచి తినేస్తుంది, మెత్తబడి పగులుతాయి, నీ బండిలో ఆ గొట్టాలు ఎగ్జాస్ట్‌ పైన ఉంటాయి. జే30 ఆర్9 అని ప్రింట్ అయి ఉన్న ఫ్యూయల్ హోస్ మాత్రమే వాడు. బ్రేక్ హోస్ మీద డాట్ (అమెరికా రవాణా శాఖ) అని గుర్తు ఉండాలి, అమెరికాలో అది చట్టం, గుర్తు లేనిది ఎంత అందంగా ఉన్నా వేయకు. టైర్ల మీద కూడా డాట్ తర్వాత చివర్లో నాలుగంకెలుంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. చూసుకుంటే నువ్వే వాటిని పీకేస్తావు. బ్రేకులు, పెట్రోల్ లైను, కూలింగ్, ఈ మూడూ అయ్యేదాకా క్రోమ్ బంపర్లకి, సీట్లకి ఒక్క డాలర్ పెట్టకు.

ఇంగ్లండ్ నుంచి తెప్పించడం ఒకప్పుడు లాభం. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది, చిన్న ప్యాకెట్‌కి కూడా ఇప్పుడు సుంకం, కొరియర్ వాళ్ల ఛార్జీ పడతాయి. అక్కడ మాత్రమే దొరికేవి ఒక లిస్టు రాసుకుని ఒకేసారి తెప్పించు. అక్కడి కేటలాగ్‌లో చూసేటప్పుడు ఇంకో సంగతి, 1968 నుంచి అమెరికా బండ్ల డ్యాష్‌బోర్డు వేరు, పొగ తగ్గించడానికి పెట్టిన ఎయిర్ పంపు లాంటివి అక్కడి బండ్లకి ఉండవు. లోపలి సామాను మాత్రం ఇక్కడి కేటలాగ్ చూసే కొను.

సెకండ్‌హ్యాండ్ సామాను కోసం క్లబ్బులో చేరు. నీ చుట్టుపక్కల ఎంజీ వాళ్లు తప్పకుండా ఉంటారు, దేశవ్యాప్తంగా నార్త్ అమెరికన్ ఎంజీబీ రిజిస్టర్ ఉంది. నలభై ఏళ్లుగా ఈ బండ్లు విప్పుతున్న పెద్దవాళ్ల గరాజుల్లో పేర్చి ఉన్న సామాను ఏ కేటలాగ్‌లోనూ దొరకదు, వాళ్లు డబ్బు కోసం కాదు, ఇంకో బండి రోడ్డెక్కాలని ఇస్తారు. వెళ్లేటప్పుడు ఊరికే అడగడానికి వెళ్లకు, వాళ్ల బండి పనికి ఒక శనివారం సాయం చెయ్యి. మాన్యువల్‌లో లేనిది అక్కడ నేర్చుకుంటావు.

చివరిగా నాన్నగారి మాట. ఆయన చెప్పింది నిజం. మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి మన అంబాసిడర్‌లోకి వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ నీ 1798 సీసీ ఇంజనూ ఒకే తల్లి పిల్లలు, రెండూ బీఎంసీ బీ-సిరీస్. స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) కూడా రెండింటికీ ఒకటే, 88.9 మిల్లీమీటర్లు. కానీ బోర్ (సిలిండర్ వెడల్పు) అంబాసిడర్‌కి 73, నీదానికి 80 పైన. అంబాసిడర్ క్రాంక్‌కి మూడు మెయిన్ బేరింగ్‌లు, నీ ఇంజన్‌కి ఐదు. కాబట్టి పిస్టన్లు, రింగులు, బేరింగ్‌లు, హెడ్ గ్యాస్కెట్ ఏదీ పనికిరాదు, దయచేసి పంపించొద్దని చెప్పు. ప్రేమతో పంపిన సామాను వాడలేక గరాజ్‌లో పెట్టుకుంటే నీకూ బాధ, ఆయనకీ బాధ.

సామాను బదులు ఆయన్నే రమ్మను. నా చిన్నప్పుడు ఆటోనగర్‌లో మా మామయ్య షెడ్డు పక్కన ఒక పెద్ద మేస్త్రి ఉండేవారు, బేరింగ్ చేతిలో పెట్టుకుని గోరుతో తట్టి ఇది మంచిది, ఇది కాదు అని పక్కకి తీసేవారు. నాన్నగారి చేతికీ ఆ తెలివిడి ఉంటుంది, కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి చూడటానికి ఆయన కంటే మంచి కన్ను నీకు టెక్సాస్‌లో దొరకదు. రాలేకపోతే వాల్వ్ కవర్ విప్పి వీడియో కాల్‌లో ఫోను అక్కడ పెట్టు. వాల్వుల దగ్గర వదలాల్సిన ఖాళీ మాన్యువల్ చల్లటి ఇంజన్ మీద 15 థౌ అంటుంది, అంటే 0.015 అంగుళం, ఆ ఖాళీ కొలిచే పలచటి రేకు, ఫీలర్ గేజ్, ఎంత బిగువుగా కదలాలో ఆయన్నే అడుగు. అంబాసిడర్ మీద వేలసార్లు చేసిన పని అది.

బండి నంబరు, ఇంజన్ నంబరు, డిస్ట్రిబ్యూటర్ నంబరు, మూడింటి ఫోటోలు నాకు పంపు. కార్బ్యురేటర్ల అడుగున ఉన్న మూత ఫోటో కూడా పంపు, అవి హెచ్‌ఐఎఫ్4లే అని తేల్చుకున్నాక కిట్ నంబరు చెప్తాను. అప్పటిదాకా ఏమీ ఆర్డర్ పెట్టకు.